ఆంటోనీ వాన్ లీవెన్‌హోక్

ఆంటోనీ వాన్ లీవెన్‌హోక్ (1632 అక్టోబరు 24 - 1723 ఆగష్టు 26) నెదర్లాండ్సు దేశంలోని డెల్ఫ్ట్ పట్టణానికి చెందిన బట్టల వర్తకుడు, సూక్ష్మదర్శినుల నిర్మాత, ప్రకృతి పరిశోధకుడు. బాక్టీరియాలను మొట్టమొదట కంటితో చూసి వర్ణించిన వ్యక్తి ఈయనే. అందువలన ఈయనను సూక్ష్మజీవశాస్త్ర పితామహునిగా పరిగణిస్తారు. విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. డచ్చి భాష తప్ప మరొక భాష తెలియదు. అయినప్పటికీ స్వయంగా తయారు చేసుకున్న కటకాలతో చెరువు నీటిలోను, వాన నీటిలోను, మిరియాల నీటిలోను, చివరకు తన పళ్ళ పాచిలోను అంతవరకు ఎవరికీ తెలియని ఒక ప్రపంచాన్ని కనుగొన్నాడు.

పళ్ళ పాచిలోని సూక్ష్మజీవులు పులిసిన ద్రాక్షరసంతో పుక్కిలించినా చావకపోవడానికి కారణమేమిటని 1683లో ఈయన చేసిన ఆలోచనకు నేటికీ ప్రాధాన్యత ఉంది. నీటిని శుద్ధి చేసే పొరల మీద బాక్టీరియా పాచి కట్టకుండా నివారించడం ఇప్పటి ఇంజనీర్లకు ఎదురవుతున్న క్లిష్టమైన సమస్యలలో ఒకటి. ఆ సమస్య మూలం ఈయన పరిశీలనలో కనిపిస్తుంది.

బాల్యం, విద్య

లీవెన్‌హోక్ 1632 అక్టోబరు 24న డెల్ఫ్ట్‌లో జన్మించాడు. తండ్రి ఫిలిప్స్ బుట్టలు అల్లించే వృత్తిలో ఉండేవాడు. తల్లి మార్గరెతా బీరు తయారీదారుల కుటుంబానికి చెందినది. ఆంటోనీకి అయిదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. తరువాత తల్లి ఒక చిత్రకారుని మళ్ళీ వివాహం చేసుకున్నది. బాలుడు కొంతకాలం వార్మాండ్ అనే ఊరిలో బడికి వెళ్ళి, ఆపైన బెంతుయిజెన్‌లో మేనమామ వరుసయ్యే బంధువు ఇంట ఉన్నాడు. ఆ కాలంలో శాస్త్ర గ్రంథాలన్నీ లాటిను భాషలో ఉండేవి. ఆ భాష ఆయనకు రాలేదు.

1648లో, 16 ఏళ్ళ వయసులో, ఆంస్టర్‌డాం నగరంలో ఒక బట్టల వర్తకుని వద్ద పని నేర్చుకోవడానికి చేరాడు. బట్ట నాణ్యతను పరీక్షించడానికి వర్తకులు చిన్న భూతద్దంతో నేతలోని పోగులను లెక్కపెట్టేవారు. కటకాలతో లీవెన్‌హోక్‌కు పరిచయం ఈ వృత్తిలోనే కలిగి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం.

వృత్తి, కుటుంబం

1654లో డెల్ఫ్ట్‌కు తిరిగి వచ్చి బార్బరా డి మే అనే యువతిని వివాహం చేసుకున్నాడు. ఇల్లు కొని అందులోనే బట్టల దుకాణం తెరిచాడు. వీరికి అయిదుగురు సంతానం కలిగారు. వారిలో నలుగురు పసితనంలోనే చనిపోగా మరియా అనే కుమార్తె మాత్రమే మిగిలింది. ఆమె అవివాహితగా ఉండి తండ్రి చివరి రోజుల వరకు ఆయనకు తోడుగా నిలిచింది. బార్బరా 1666లో మరణించింది. 1671లో కోర్నెలియా స్వాల్మియస్‌ను ద్వితీయ వివాహం చేసుకున్నాడు. ఆమె 1694లో మరణించింది.

1660లో డెల్ఫ్ట్ నగరపాలకుల సభామందిరానికి సంరక్షకునిగా నియమితుడయ్యాడు. జీతం స్థిరంగా ఉండి, పని తక్కువగా ఉండే ఈ ఉద్యోగం పరిశోధనకు తీరిక కల్పించింది. 1669లో భూమి కొలతదారుగాను, 1679లో ద్రాక్షసారాయి పీపాలను కొలిచే అధికారిగాను బాధ్యతలు స్వీకరించాడు. ప్రఖ్యాత చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ కూడా అదే సంవత్సరంలో అదే ఊరిలో పుట్టినవాడు. వెర్మీర్ అప్పులతో మరణించిన తరువాత 1676లో ఆయన ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టే బాధ్యతను నగరపాలకులు లీవెన్‌హోక్‌కు అప్పగించారు.

డెల్ఫ్ట్ అప్పటికి సంపన్నమైన వర్తక పట్టణం. డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖలలో ఒకటి అక్కడ ఉండేది. ఈ కంపెనీయే 1605లో ఆంధ్ర తీరంలోని మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పింది. తరువాత భీమునిపట్నంలోను స్థిరపడింది. కోరమాండల్ తీరపు నేత బట్టలు, మలబారు, తూర్పు ఇండియా దీవుల సుగంధ ద్రవ్యాలు ఈ కంపెనీ ఓడలలో నెదర్లాండ్సు చేరేవి. ఇలా దూరదేశాల నుండి వచ్చిన మిరియాలు, అల్లం, లవంగాలు, జాజికాయలు లీవెన్‌హోక్ ప్రయోగాలలోకి కూడా ప్రవేశించాయి.

సూక్ష్మదర్శినులు

లీవెన్‌హోక్ సూక్ష్మదర్శినులు చూడడానికి అతి సాధారణంగా ఉండేవి. రెండు చిన్న లోహపు పలకల మధ్య బఠాణీ గింజ కంటె చిన్నదైన ఒకే ఒక గాజు కటకాన్ని బిగించేవాడు. పరిశీలించవలసిన వస్తువును ఒక సూది మొన మీద నిలిపి, మరలను తిప్పి సరైన దూరానికి తెచ్చేవాడు. పరికరాన్ని కంటికి దాదాపు ఆనించి వెలుతురు వైపు తిరిగి చూడవలసి ఉండేది. అప్పటికే రెండు కటకాలు గల సూక్ష్మదర్శినులు వాడుకలో ఉన్నా, వాటిలో బొమ్మ మసకగా, రంగుల అంచులతో కనిపించేది. ఒకే కటకం గల లీవెన్‌హోక్ పరికరాలు వాటికంటె ఎంతో స్పష్టంగా చూపేవి.

ఈయన 500 పైగా కటకాలు తయారు చేశాడని అంచనా. ప్రస్తుతం మిగిలి ఉన్నవి పదికి కొద్దిగా అటూ ఇటూ. వాటిలో ఉట్రెక్ట్ నగరంలో భద్రపరచినది వస్తువును సుమారు 266 రెట్లు పెద్దదిగా చూపుతుంది. కటకాల తయారీ రహస్యాన్ని ఈయన ఎవరికీ చెప్పలేదు. 2021లో శాస్త్రజ్ఞులు న్యూట్రాన్ కిరణాలతో పరికరాలను విప్పకుండానే లోపలి కటకాలను పరీక్షించారు. ఉట్రెక్ట్ కటకం గాజును కరిగించి చేసిన చిన్న గోళమని ఆ పరీక్షలో తేలింది. ఇటువంటి పద్ధతిని ఇంగ్లాండుకు చెందిన రాబర్ట్ హుక్ అంతకు ముందే ప్రచురించి ఉన్నాడు.

రాయల్ సొసైటీతో పరిచయం

డెల్ఫ్ట్‌లో నివసించే వైద్యుడు రెయినియర్ డి గ్రాఫ్ 1673లో లీవెన్‌హోక్ గురించి లండనులోని రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్‌కు వ్రాశాడు. బూజు, తేనెటీగ కొండి, పేను గురించిన లీవెన్‌హోక్ మొదటి లేఖ అదే సంవత్సరం ఆ సంస్థ పత్రికలో వెలువడింది. అది మొదలు మరణించే వరకు 50 సంవత్సరాల పాటు లేఖల ద్వారానే ఈయన తన పరిశోధనలను వెల్లడించాడు. లేఖలన్నీ వాడుక డచ్చి భాషలోనే ఉండేవి. వాటిని ఆంగ్లం లేదా లాటినులోకి అనువదించి ప్రచురించేవారు.

నీటిలోని జీవులు

1674 వేసవిలో డెల్ఫ్ట్‌కు సుమారు రెండు గంటల ప్రయాణ దూరంలోని బెర్కెల్సె మెర్ అనే సరస్సు మీద ప్రయాణించేటప్పుడు లీవెన్‌హోక్ ఒక విషయాన్ని గమనించాడు. శీతాకాలంలో తేటగా ఉండే ఆ నీరు వేసవిలో తెల్లబారి, అందులో పచ్చని తేలుడు మబ్బులు కనిపిస్తాయి. మంచు కురవడం వలన అలా జరుగుతుందని చుట్టుప్రక్కల ప్రజల నమ్మకం. ఈయన ఆ నీటిని ఒక సీసాలో పట్టి, మరునాడు సూక్ష్మదర్శినితో చూశాడు. తీగల వలె చుట్టుకున్న పచ్చని పోగులు, వాటి నడుమ చురుకుగా కదిలే అతి చిన్న ప్రాణులు కనిపించాయి. నీటి రంగు మారడానికి కారణం ఆకాశంలో లేదని, నీటిలోనే ఉన్నదని ఇలా తెలిసింది.

1676లో మిరియాల ఘాటుకు కారణం కనుగొనాలని మిరియాలను నీటిలో నానబెట్టాడు. మిరియాల మీద కంటికి కనిపించని ముళ్ళు ఉండి నాలుకను గుచ్చుతాయేమోనని ఆయన ఊహ. ముళ్ళు కనిపించలేదు. కొన్ని రోజులు నిలవ ఉన్న ఆ నీటిలో మాత్రం అంతకు ముందు చూసిన వాటి కంటె ఎన్నో రెట్లు చిన్నవైన ప్రాణులు లెక్కకు మించి కనిపించాయి. వీటిలో కొన్ని బాక్టీరియాలని ఆధునిక శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. 1676 అక్టోబరు 9 తేదీ గల సుదీర్ఘ లేఖలో ఈ వివరాలు ఉన్నాయి.

ఈ లేఖను రాయల్ సొసైటీ సభ్యులు వెంటనే నమ్మలేదు. ఒక నీటిబొట్టులో అన్ని ప్రాణులు ఉండడం అసంభవమని తోచింది. పైగా చెప్పినవాడు పండితుడు కాదు, బట్టల వర్తకుడు. లీవెన్‌హోక్ తన ఊరి పెద్దలను పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించి, మతాచార్యులు, నోటరీ మొదలైన ఎనిమిది మంది చేత సాక్ష్య పత్రాలు వ్రాయించి పంపాడు. లండనులో మొదట జరిగిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు రాబర్ట్ హుక్ మిరియాల నీటిని తయారు చేసి 1677 నవంబరులో సభ్యుల సమక్షంలో ఆ ప్రాణులను చూపించగలిగాడు. దీనితో సందేహం తీరింది. 1680లో రాయల్ సొసైటీ లీవెన్‌హోక్‌ను సభ్యునిగా ఎన్నుకున్నది. ఆ సంస్థ సమావేశానికి ఆయన ఒక్కసారి కూడా హాజరు కాలేదు.

పళ్ళ పాచి పరిశీలన

1683 సెప్టెంబరు 17 తేదీ గల లేఖ లీవెన్‌హోక్ లేఖలలో ప్రముఖమైనది. ఆయన రోజూ ఉప్పుతో పళ్ళు తోముకొని, గుడ్డతో రుద్దుకొనేవాడు. అయినా దవడ పళ్ళ సందులలో మెత్తని తెల్లని పదార్థం మిగిలి ఉండడం గమనించాడు. దానిని తీసి వాన నీటిలో కలిపి చూడగా రకరకాల ఆకారాలు గల ప్రాణులు కదులుతూ కనిపించాయి. కొన్ని నిడుపుగా కడ్డీల వలె ఉండి వేగంగా దూసుకుపోతున్నాయి. కొన్ని బొంగరం వలె తిరుగుతున్నాయి. కొన్ని వంపులు తిరుగుతూ కదులుతున్నాయి. ఈ లేఖతో పంపిన చిత్రాలు బాక్టీరియాల మొట్టమొదటి చిత్రాలుగా ప్రసిద్ధి పొందాయి.

తన ఒక్కని పళ్ళతో ఆగక, ఇద్దరు స్త్రీల, ఒక బాలుని, పళ్ళు ఎన్నడూ తోమని వృద్ధుని నోటి నుండి పాచి తీసి పరిశీలించాడు. వృద్ధుని పాచిలో ప్రాణులు విపరీతంగా ఉన్నాయి. తరువాత తన నోటిని ఘాటైన ద్రాక్ష వెనిగరుతో పుక్కిలించి, మళ్ళీ దవడ పళ్ళ సందులోని పాచిని తీసి చూశాడు. ప్రాణులు ఇంకా బ్రతికే ఉన్నాయి. అదే వెనిగరును నోటి బయట పాచితో కలిపి చూస్తే అవి వెంటనే చనిపోయాయి.

ఒకే మందు బయట చంపుతూ, నోటిలో ఎందుకు చంపలేకపోతున్నది? లీవెన్‌హోక్ దీనికి సూటి అయిన కారణం చెప్పాడు. వెనిగరు పాచి పైభాగంలో ఉన్న ప్రాణులను మాత్రమే చంపగలిగింది. పాచి మందంలోకి చొచ్చుకుపోలేదు. లోపలి ప్రాణులకు ఆ పాచియే కవచమైనది.

1692లో ఇదే అంశం మీద మరల వ్రాశాడు. ముందు పళ్ళ పాచిలో ప్రాణులు కనిపించకపోవడం ఆశ్చర్యం కలిగించింది. తాను ప్రతి ఉదయం త్రాగే వేడి కాఫీ ముందు పళ్ళకు తగిలి వాటిని చంపుతున్నదని ఊహించి, వేడి అంతగా తగలని వెనుక దవడ పళ్ళను పరిశీలించాడు. అక్కడ ప్రాణులు సజీవంగా ఉన్నాయి.

ఇతర పరిశోధనలు

1674లో రక్తంలోని ఎర్ర కణాలను వర్ణించాడు. 1677లో శుక్రకణాలను కనుగొన్నాడు. 1688లో కప్ప తోకపిల్లలలోను, చేపలలోను సన్నని రక్తనాళాల గుండా రక్తం ప్రవహించడాన్ని ప్రత్యక్షంగా చూశాడు. పురుగులు కుళ్ళిన పదార్థాల నుండి వాటంతట అవే పుడతాయని ఆనాటివారు నమ్మేవారు. ఈయన ఈగలు, గోధుమ పురుగులు, చీమలు మొదలైన వాటి జీవితచక్రాలను పరిశీలించి ఆ నమ్మకం సరికాదని వాదించాడు.

1702లో తన ఇంటి కప్పు తూములో ఎండిపోయిన మట్టిని తీసి నీరు పోయగా, అందులోని రోటిఫర్ అనే జీవులు కొద్ది గంటలలో తిరిగి కదలసాగాయి. ఎండి, చనిపోయినట్లు కనిపించే జీవులు నీరు తగలగానే మేల్కొంటాయని దీనివలన తెలిసింది. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ డెల్ఫ్ట్ వచ్చినప్పుడు లీవెన్‌హోక్ ఆయన పడవలోకి వెళ్ళి, చేపలో రక్త ప్రసరణ చూపించాడు.

సూక్ష్మజీవులు వ్యాధులను కలిగించగలవన్న సిద్ధాంతాన్ని మాత్రం ఈయన ప్రతిపాదించలేదు. అది 19వ శతాబ్దంలో లూయీ పాశ్చర్, రాబర్ట్ కోచ్‌ల కృషితో స్థిరపడింది.

చివరి రోజులు, మరణం

లీవెన్‌హోక్ తన 90వ ఏట కూడా లేఖలు వ్రాస్తూనే ఉన్నాడు. ఉదరవితానం అసంకల్పితంగా అదిరే అరుదైన వ్యాధికి గురై, ఆ వ్యాధి లక్షణాలను కూడా తన లేఖలలో వర్ణించాడు. వైద్యశాస్త్రంలో ఈ వ్యాధిని ఆయన పేరుతోనే పిలుస్తారు. 1723 ఆగష్టు 26న డెల్ఫ్ట్‌లో మరణించాడు. అక్కడి పాత చర్చిలో ఆయన సమాధి ఉన్నది.

మరణానంతరం 26 వెండి సూక్ష్మదర్శినులు ఆయన కోరిక ప్రకారం రాయల్ సొసైటీకి చేరాయి. తరువాతి కాలంలో అవి కనిపించకుండా పోయాయి. కుమార్తె మరియా మరణం తరువాత, మిగిలిన పరికరాలను 1747లో వేలం వేశారు. 1981లో బ్రయాన్ ఫోర్డ్ అనే జీవశాస్త్రజ్ఞుడు లీవెన్‌హోక్ తన లేఖలకు జతపరచి పంపిన అసలు నమూనాలు కొన్నింటిని రాయల్ సొసైటీ భాండాగారంలో కనుగొన్నాడు.

పాచి పొర, నేటి నీటి శుద్ధి

తెలుగులో పళ్ళ మీద పేరుకొనే జిగురును, నీటితొట్టి గోడకు పట్టే జారుడు పూతను కూడా పాచి అనే అంటారు. శాస్త్ర దృష్టిలోను ఈ రెండింటికీ దగ్గరి పోలిక ఉన్నది. తడిగా ఉన్న ఏ ఉపరితలం మీదనైనా బాక్టీరియాలు అతుక్కొని, చుట్టూ జిగురు పదార్థాన్ని స్రవించి, అందులో గుంపుగా జీవిస్తాయి. దీనిని జీవపొర అని పిలుస్తారు. జీవపొరల అధ్యయనం ఒక ప్రత్యేక శాఖగా 1970 దశకం చివరి నుండి వృద్ధి చెందింది.

నీటి శుద్ధిలో ఈ పాచి ఎదురయ్యే ముఖ్య స్థలం ఆర్.ఓ. యంత్రంలోని పొర. 1950 దశకం చివరిలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ కలసి ఆచరణకు అనువైన మొదటి ఆర్.ఓ. పొరను తయారు చేశారు. నీటిని ఒత్తిడితో ఈ పొర గుండా పంపితే లవణాలు వెనుక నిలిచిపోయి, మంచినీరు ముందుకు వస్తుంది. బాక్టీరియా పరిమాణం సుమారు ఒక మైక్రాన్. అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పొరలో నీరు దూరే సందులు అంతకంటె వెయ్యి రెట్లు చిన్నవి. కనుక బాక్టీరియా పొరను దాటలేదు. కానీ అక్కడే ఆగిపోతుంది. నీటితోపాటు వచ్చే ఆహారం దానికి నిరంతరం అందుతుంది. ముందు దశలో 1000 బాక్టీరియాలలో 999 తొలగించినా, మిగిలిన ఒక్కటి విభజన చెందుతూ తిరిగి వేల సంఖ్యకు చేరుకోగలదు. ఇసుక, ఇనుము వంటి మలినాలకు, బాక్టీరియాకు ఉన్న తేడా ఇదే. మలినం ఎంత వస్తే అంతే పేరుకుంటుంది, బాక్టీరియా పెరుగుతుంది.

పాచి పట్టిన పొర గుండా నీటిని నెట్టడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది, నీటి దిగుబడి తగ్గుతుంది. పాచి క్రింద లవణాలు చిక్కబడి, శుద్ధమైన నీటిలోకి కూడా కొంత ఉప్పు చేరుతుంది. ఫ్లోరైడు తొలగించడం కోసం నెలకొల్పిన యంత్రంలో ఇటువంటి లోపం ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన విషయం అవుతుంది.

లీవెన్‌హోక్ వెనిగరుతో ఎదుర్కొన్న చిక్కే ఇక్కడ క్లోరిన్ విషయంలో ఎదురవుతుంది. క్లోరిన్ నీటిలో విడిగా తేలే బాక్టీరియాను సులభంగా చంపుతుంది. జీవపొరలో మాత్రం పై వరుసతో చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది. లోపలి కణాలు నెమ్మదిగా పెరుగుతూ, కొన్ని నిద్రాణ స్థితిలో ఉండడం వలన కూడా మందులకు లొంగవని ఇప్పుడు తెలిసింది. ఆ విధంగా లీవెన్‌హోక్ చెప్పిన కారణం సరైనదే కాని, సంపూర్ణం కాదు. మరొక ఇబ్బంది ఏమిటంటే, నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న పాలీఅమైడ్ పొరలను క్లోరిన్ దెబ్బతీస్తుంది. కనుక పొరకు ముందే సోడియం బైసల్ఫైట్‌తో గాని, బొగ్గు వడపోతతో గాని నీటిలోని క్లోరిన్‌ను తొలగిస్తారు. రక్షణ లేని ఆ నీరే పొరను చేరుతుంది. సకాలంలో మార్చని బొగ్గు వడపోత తానే బాక్టీరియాకు నివాసంగా మారుతుంది.

పట్టిన పాచిని చంపడం కంటె, పట్టకుండా చూడడమే మేలన్నది ఈ రంగంలో అనుభవం నేర్పిన పాఠం. ఇందుకు పాటించే ముఖ్య పద్ధతులు ఇవి:

- ఇసుక వడపోత, అతిసూక్ష్మ వడపోతల ద్వారా బాక్టీరియాను ముందుగానే తగ్గించడం.
- బాక్టీరియాకు ఆహారమయ్యే సేంద్రియ పదార్థాలు, ఫాస్ఫరస్ నీటిలో తక్కువగా ఉండేటట్లు చూడడం.
- అతినీలలోహిత కిరణాలతో నీటిని శుద్ధి చేయడం. ఈ కిరణాలు పొరకు హాని చేయవు. కాని అప్పటికే అతుక్కున్న పాచి మీద వీటి ప్రభావం ఉండదు.
- యంత్రాన్ని ఆపినప్పుడు పొరల మధ్య నీరు నిలవ ఉండనీయకుండా శుద్ధమైన నీటితో కడగడం. ఎక్కువ రోజులు ఆపవలసి వస్తే పొరలను బైసల్ఫైట్ ద్రావణంలో భద్రపరచడం.
- నీటి దిగుబడి 10 శాతం తగ్గినా, పొర గొట్టం రెండు చివరల మధ్య ఒత్తిడి భేదం 15 శాతం పెరిగినా ఆలస్యం చేయకుండా క్షార ద్రావణంతో శుభ్రపరచడం.

చివరి పద్ధతికి ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది. లేత పాచి సులభంగా వదులుతుంది. ముదిరిన పాచి చచ్చినా వదలదు. చచ్చిన కణాలు అక్కడే మిగిలితే తరువాత వచ్చే బాక్టీరియాకు అవే ఆహారం. పళ్ళను రోజూ తోమడం వంటిదే ఇది. లీవెన్‌హోక్ వేడి కాఫీ పరిశీలనకు కూడా నేడు ఒక పోలిక ఉన్నది. ఔషధ పరిశ్రమలలో వేడిని తట్టుకొనే ప్రత్యేక పొరలను 80 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన నీటితో శుద్ధి చేస్తారు. సాధారణ పొరలు ఈ వేడికి పాడవుతాయి.

ఈ పద్ధతులను రూపొందించినవారు లీవెన్‌హోక్ లేఖల నుండి వాటిని గ్రహించారని చెప్పడానికి ఆధారం లేదు. ఆయన చూసిన విషయాన్నే వారు మూడు శతాబ్దాల తరువాత వేరొక చోట ఎదుర్కొన్నారు. పొరల మీద జీవపొరలు పెరగడం గురించి విస్తృతంగా పరిశోధించిన సంస్థలలో ఒకటి డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం కావడం విశేషం.

తెలుగు ప్రాంతాలలో

తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలలో భూగర్భ జలంలో ఫ్లోరైడు, లవణాలు అధికంగా గల గ్రామాలు ఎన్నో ఉన్నాయి. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ వ్యాధి దేశమంతటా తెలిసినదే. 2000 దశకం నుండి ఇటువంటి గ్రామాలలోను, పట్టణాలలోను ఆర్.ఓ. ప్లాంట్లు విరివిగా వెలిశాయి. వీటి నీటిని ప్రజలు ఫిల్టరు నీళ్ళు అంటారు. 20 లీటర్ల క్యాన్లలో తీసుకువెళతారు. బోరు నీటిలో బాక్టీరియా తక్కువగా ఉన్నా, పై ట్యాంకులు, గొట్టాలు, బొగ్గు వడపోతలలో పాచి పెరిగి పొరను చేరవచ్చు. పొర సక్రమంగా పనిచేసినా, కడగని క్యాను గోడకు పట్టిన పాచి ఆ శ్రమను వ్యర్థం చేయగలదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో నీటి శుద్ధి పొరల మీద పరిశోధన జరుగుతున్నది.

మిరియాల నీటిలో లీవెన్‌హోక్‌కు బాక్టీరియా కనిపించిన విషయం సుగంధ ద్రవ్యాల గురించిన ఒక అపోహను కూడా సరిదిద్దుతుంది. ఘాటైన దినుసు వేసినంత మాత్రాన నీరు శుద్ధి కాదు. నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతం పసుపు పంటకు ప్రసిద్ధి. అక్కడి రైతులు పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పెట్టి అమ్ముతారు. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం బాక్టీరియాలు పరస్పరం పంపుకొనే రసాయన సంకేతాలకు ఆటంకం కలిగించి, జీవపొర ఏర్పడడాన్ని తగ్గిస్తుందని కొన్ని ప్రయోగశాల పరిశోధనలలో కనిపించింది. అయితే కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. పసుపును నేరుగా నీటిలోనో, యంత్రంలోనో వేయడం వలన పొర మూసుకుపోవడమే తప్ప ప్రయోజనం ఉండదు. ఇది ఇంకా పరిశోధన దశలో ఉన్న విషయమే.

గుర్తింపు, స్మారకాలు

- నెదర్లాండ్సు రాజ విజ్ఞాన అకాడమీ సూక్ష్మజీవశాస్త్రంలో విశిష్ట కృషికి లీవెన్‌హోక్ పతకాన్ని నెలకొల్పింది. 1895లో లూయీ పాశ్చర్ ఈ పతకాన్ని అందుకున్నాడు.
- 1905లో ఈ పతకం పొందిన మార్టినస్ బైజెరింక్ డెల్ఫ్ట్‌లోనే ఆచార్యునిగా పనిచేశాడు. నేలలోను, నీటిలోను బాక్టీరియాలు నిర్వహించే పాత్రను అధ్యయనం చేసే సంప్రదాయం ఆయనతో ఆ ఊరిలో బలపడింది.
- 2004లో నెదర్లాండ్సులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఆ దేశపు మహనీయులలో లీవెన్‌హోక్‌కు 4వ స్థానం లభించింది.